వీల్‌చెయిర్‌లో నేను, జంటగా పేరున్న గాయని: డాన్స్ తెలిసినవాళ్ళు సాయం చెయ్యండి

చక్రవాకం (విజయనగరం)
అందరికీ నమస్కారం. డిసెంబర్ 3 దివ్యాంగుల దినోత్సవానికి మా ఊళ్ళో కొంతమంది కలిసి సాయంత్రం ప్రోగ్రాం పెడుతున్నారు. పాటలు, ఒక నాటిక, చివర్లో జంట డాన్స్. ఆ జంటలో ఒకదాన్ని నేను. రెండో ఆవిడ టీవీ పాటల పోటీల నుంచి వచ్చి ఇప్పుడు సినిమాలకి పాడుతున్న గాయని. పోస్టరు పడేదాకా పేరు చెప్పొద్దన్నారు, దయచేసి అడక్కండి.

బండి ప్రమాదంలో నా వెన్నుపాము దెబ్బతింది. నడుం కింద కదలికా లేదు, స్పర్శా లేదు. చేతులు, భుజాలు గట్టివే. చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను, మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు మీసేవలో పని. నా కుర్చీ క్యాంపులో ఇచ్చిన మడత కుర్చీ. ఆవిడ ఇంతవరకూ వీల్‌చెయిర్ ముట్టుకోలేదని ఫోన్లో ఆవిడే చెప్పారు.

ఈ కుర్చీతో డాన్స్ అవుతుందా? ఆవిడ నన్ను ఎక్కడ పట్టుకోవాలి, ఎక్కడ పట్టుకోకూడదు? ఇంకోటి, హాల్లో స్టేజీకి మెట్లే ఉన్నాయి. "నలుగురు కుర్రాళ్ళు ఎత్తేస్తారులేమ్మా" అంటున్నారు. అందరి ముందూ నన్ను మూటలా ఎత్తి పైన పెట్టడం నాకు ఇష్టం లేదు. దీనికి దారి చెప్పండి.

గంటస్తంభం (విజయనగరం)
శుభం తల్లీ. తప్పకుండా చెయ్యి. మన ఊరి సంగీత కళాశాల పుట్టిందే చూపులేని ఒక అబ్బాయి కోసం. తన కొలువులో పనిచేసే ఆయన కొడుక్కి సంగీతం చెప్పించాలని మహారాజావారు 1919లో పెట్టిన పాఠశాల అది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేని ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడే వయొలిన్ ఆచార్యులు. ఘంటసాల గారు, సుశీల గారు చదువుకున్నదీ అక్కడే. కాబట్టి ఈ ఊళ్ళో ఎవరైనా "వీళ్ళకి ఇవన్నీ ఎందుకు" అంటే వందేళ్ళ కిందటే జవాబు చెప్పేశాం అను.

సైకిల్‌షాపు (శ్రీకాకుళం)
అమ్మా, కుర్చీ సంగతి నాను సెప్తాను. సైకిళ్ళతో పాటు మూడు చక్రాల బళ్ళు, వీల్‌చెయిర్లు బాగు సేస్తుంటాను. క్యాంపు కుర్చీ మనిషిని ఇంకొకళ్ళు తొయ్యడానికి సేసింది. దాని ఇరుసు బాగా ఎనక్కుంటాది, బరువు ముందు సిన్న చక్రాల మీద పడతాది, అందుకే తిప్పబోతే మొరాయిస్తాది. డాన్సు కుర్చీలో ఇరుసు ముందుకి జరిగుంటాది. పెద్ద చక్రాలు పైన దగ్గరగా, కింద దూరంగా వాలుంటాయి. ఎనక పిడులుండవు, చేతులానించే పట్టీలుండవు. పల్టీ కొట్టకుండా ఎనక బుల్లి చక్రం ఉంటాది.

అది కొనమని నాను సెప్పను, ధర మామూలుగా ఉండదు. ఉన్నదాన్ని బాగు సేసుకుందాం. చేతిపట్టీలు ఊడేవైతే ఊడదీసీ. ముందు చక్రాల ఇరుసులో జుట్టూ దారాలూ చుట్టుకుపోయుంటాయి, అవి తీయిస్తే సగం బిగువు పోతాది. గాలి టైర్లయితే గట్టిగా కొట్టించు. బ్రేకు లీవరు బొటనవేలికి తగిలే చోటుంటే కిందకి దించాల. నడుంకి బెల్టు, పాదాలకి ఎడల్పాటి పట్టీ, మడమల ఎనకాల ఇంకో పట్టీ. స్పర్శ లేదన్నావు కాబట్టి పాదం జారి నేలకి రాసుకున్నా నీకు తెల్దు, జాగర్త. ఎనక బుల్లి చక్రాలు నాను వెల్డింగ్ సేసిస్తాను. ఇరుసు జరపడం మాత్రం తెలిసినోడి దగ్గరే సేయించు.

పిడులు కోసేసి రబ్బరు మూతలు పెట్టీవచ్చు. కానీ మెట్ల దగ్గర ఎవలైనా సాయం పట్టాలంటే పిడి కావాల. ఆలోసించుకో.

సూటిమాట (బొబ్బిలి)
చెల్లెమ్మా, నీ ఉత్సాహం మీద నీళ్ళు చల్లాలని కాదు. ఇలాంటివి టీవీలో చాలా చూశాం. గాయని కుర్చీ వెనక నిలబడి అటూ ఇటూ తిప్పుతుంది. వెనక ఏడుపు వయొలిన్. యాంకరు కళ్ళు తుడుచుకుంటుంది. మర్నాడు పేపర్లో గాయనిగారి పెద్ద మనసు గురించి వార్త, కుర్చీలో కూచున్న మనిషి పేరు ఎక్కడో చివర. నా తమ్ముడికి పోలియో. వాణ్ణి ఇలాగే ఒక స్టేజీ ఎక్కించి శాలువా కప్పి దించేశారు, వాడు పాడతానని మైకు అడిగితే టైం లేదన్నారు. అప్పటి నుంచీ నాకు ఇవంటే మంట.

పారాఆటలు (విశాఖ)
సూటిమాట గారి మంట న్యాయమైనదే. కానీ జంట డాన్స్ అంటే ఒకరు తొయ్యడం, ఒకరు కూచోవడం అని ఎక్కడా లేదు. వీల్‌చెయిర్ డాన్స్ 1968లో స్వీడన్‌లో మొదలైంది. 1998లో అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ దాన్ని చేతిలోకి తీసుకుంది, 2016లో పారా డాన్స్ స్పోర్ట్ అని పేరు మార్చారు. పారాలింపిక్స్‌లో ఇంకా చేర్చలేదు గానీ ప్రపంచ పోటీలు జరుగుతాయి. ఒకరు కుర్చీలో, ఒకరు నిలబడి ఆడే జంటని కాంబీ అంటారు. ఇద్దరూ కుర్చీల్లో ఉంటే డ్యుయో. కుర్చీలో ఉన్నవాళ్ళకి నడుం, చేతుల పట్టుని బట్టి రెండు తరగతులు. వాల్ట్జ్, టాంగో, సాంబా, రుంబా లాంటి జంట డాన్సులన్నీ ఉన్నాయి. ఇద్దరూ ఆడాలి, అదీ లెక్క.

మీరు చేస్తున్నదానికి దగ్గరిది బ్రిటన్‌లో జరిగింది. 2010లో బీబీసీ "డాన్సింగ్ ఆన్ వీల్స్" అని పోటీ పెట్టి, పేరున్న ఆరుగురిని ఆరుగురు వీల్‌చెయిర్ వాడేవాళ్ళతో జంట కట్టింది. అందులో హెదర్ స్మాల్, మిషెల్ గేల్ గాయనులే. గెలిచింది టీవీ వ్యాఖ్యాత కరొలీన్ ఫ్లాక్, ఆమెతో ఆడిన జేమ్స్ ఓషే. ఆయన ఈతగాడు, రెండు కాళ్ళూ లేవు. మన దేశంలో సయ్యద్ సలావుద్దీన్ పాషా గారు వీల్‌చెయిర్ల మీద భరతనాట్యం చేయిస్తున్నారు. వాటి వీడియోలు ఆవిడకి ముందే పంపండి. ఒక్కసారి చూస్తే వెనక నిలబడాలన్న ఊహే పోతుంది.

గంటస్తంభం (విజయనగరం)
సుధాచంద్రన్ గారి సంగతి కూడా చెప్పొచ్చు కదా. ప్రమాదంలో కాలు పోయినా జైపూర్ కాలుతో నాట్యం చేశారు.

చక్రవాకం (విజయనగరం)
మాస్టారూ, ఆవిడంటే నాకు చాలా గౌరవం. కానీ ఆ కథ లేచి నిలబడి ఆడిన కథ. నాతో మాట్లాడే ప్రతివాళ్ళూ చివరికి అక్కడికే వస్తారు, "నువ్వూ ఒకరోజు లేస్తావమ్మా" అని. నేను లేవను. కూచునే ఆడతాను. ఆ తేడా ఆ గాయనికి, ప్రేక్షకులకి ఎలా చేరాలన్నదే నా ఆలోచన.

సూటిమాట అన్నా, మీ తమ్ముడికి జరిగినట్టు జరక్కూడదనే ఇక్కడ అడుగుతున్నాను. నిర్వాహకులకి రాతపూర్వకంగా ఇవ్వబోయేవి ఇవి: పోస్టరు మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలి. డాన్స్‌కి ముందు నా ప్రమాదం గురించి వీడియో వెయ్యకూడదు. యాంకరు చదివే పరిచయం నేనే రాస్తాను. ఇంకా ఏమన్నా ఉంటే చెప్పండి.

అందెలు (విజయనగరం)
కూచిపూడి చెబుతాను, వీల్‌చెయిర్‌లో ఉన్న ఒక శిష్యురాలికి కూడా చెప్పాను. నాకు తెలిసింది రాస్తున్నా, కాస్త పెద్దదే.

ముందు చేతుల లెక్క. మామూలు నాట్యంలో కాళ్ళు నడక చూసుకుంటాయి, చేతులు హస్తాలు, అంటే ముద్రలు, పడతాయి. నీకు రెండు పనులూ చేతులవే. చక్రం మీద చెయ్యి ఉన్నప్పుడు హస్తం పట్టలేవు, హస్తం పట్టినప్పుడు కుర్చీ తొయ్యలేవు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. దారేమిటంటే, ఒక్క తోపుకి నీ కుర్చీ ఆ నేల మీద ఎంతసేపు జారుతుందో తాళం వేసుకుంటూ చూడు. ఆ జారేంతసేపూ చేతులు నీవి. అక్కడ హస్తం, చూపు, మెడ అన్నీ పెట్టు. తోపు, జారుడు, మళ్ళీ తోపు. నీ జతులు, అంటే అడుగుల వరసలు, ఈ లెక్కలోనే కట్టాలి. చదును నేల మీద తాళంలో నాలుగు మాత్రల సేపు జారిన కుర్చీ తివాచీ మీద రెండు కూడా జారదు. అందుకే ఏ నేల మీద ఆడతావో ఆ నేల మీదే సాధన చెయ్యి.

రెండోది, ఆగడం. పాదం తాళం మీద ఠక్కున ఆగుతుంది. చక్రం ఆగదు, కొంచెం ముందుకి పోతుంది. తాళం మీద ఆగాలంటే తాళానికి కాస్త ముందే రింగు, అంటే చక్రాన్ని చేత్తో తోసే కడ్డీ, పట్టాలి. మొదట్లో అందరూ పాటకి వెనకబడేది ఇందుకే, వాళ్ళకి తాళం రాక కాదు.

గజ్జెల సంగతి. చక్రాలకి కట్టమని ఎవరైనా అంటారు. వద్దు. చక్రానికి కడితే తిరుగుతున్నంతసేపూ గలగలమంటాయి, తాళం వినపడదు. ముంజేతులకి పట్టీగా కట్టుకో. నువ్వు రింగు తోసినప్పుడే మోగుతాయి, ప్రతి తోపూ ఒక అడుగులా వినిపిస్తుంది. గాజు గాజులు మాత్రం వద్దు తల్లీ, రింగుకి తగిలి పగిలాయంటే చెయ్యి కోసుకుంటుంది. పైట నడుం దగ్గర బిగించి పిన్నులు పెట్టు, చక్రంలో పడితే మెడ లాగేస్తుంది.

ఇక ఆవిడ. నీకు ఎదురుగానో పక్కనో ఉండాలి, వెనక ఉండకూడదు. నీ ఒక చెయ్యి పట్టుకుంటుంది, నీ రెండో చెయ్యి చక్రం మీద ఉంటుంది. ఆవిడ చేతిని లాక్కూడదు, బిగువుగా ఉంచాలి అంతే. ఆ బిగువు మీద నువ్వు వెళ్తావు, వస్తావు, చుట్టూ తిరుగుతావు. ఎప్పుడు ఆగాలో నీ రెండో చెయ్యి చెబుతుంది. బూట్లు వేసుకోమను, చెప్పులొద్దు. ముందు చక్రం వేళ్ళ మీద ఎక్కితే మళ్ళీ దగ్గరకి రావడానికి భయపడుతుంది.

సౌండుబాక్సు (చీపురుపల్లి)
ఆవిడ పాడుతూ ఆడతారా, రికార్డు వేస్తారా? పాడేట్టయితే చేతి మైకు వద్దు, ఒక చెయ్యి దానికే పోతుంది. హెడ్‌సెట్ మైకు అడగండి. పల్లవి, చరణాల్లో ఆవిడ కదలిక తక్కువ పెట్టి, మధ్యలో వాద్యాల బిట్లలో జంటగా తిరగండి, ఆవిడకి ఊపిరి అందుతుంది. మైకు వైర్లు స్టేజీకి అడ్డంగా పరిచి టేపు అంటిస్తారు. నడిచేవాళ్ళకి అది అడ్డు కాదు. మీ ముందు చక్రం దాని మీద ఆగిందంటే మనిషి ముందుకి పడతారు. వైర్లన్నీ వెనక గోడ వెంబడి తిప్పమనండి.

టెంటుహౌసు (విజయనగరం)
మెట్ల గురించి ఎవరూ చెప్పలేదు. స్టేజీ ఎత్తు ఎంతమ్మా? నాలుగడుగులయితే, ఒకటికి పన్నెండు లెక్కన ర్యాంపు 48 అడుగులు కావాలి. అంతకంటే నిటారుగా వేస్తే ఎక్కడం సంగతి అటుంచి, దిగేటప్పుడు కుర్చీ చేతికి ఆగదు. హాల్లో అంత చోటుండదు, మలుపులు తిప్పాలి, ప్రతి మలుపులోనూ కుర్చీ తిరిగేంత చదును ఉండాలి. దాని బదులు మీ డాన్స్ స్టేజీ కింద, మొదటి వరసకి ముందు పెట్టించండి. అడుగు ఎత్తు బల్లలు వేసి పైన అతుకుల్లేకుండా ప్లైవుడ్ పరుస్తాం. అడుగు ఎత్తుకి ర్యాంపు 12 అడుగులే. తివాచీ వెయ్యం. గాయనిగారూ కిందకే దిగి వస్తారు. ముందు రెండు వరసల కుర్చీలు తియ్యాలి, అవి పెద్దవాళ్ళ సీట్లు అంటారేమో, మీరు గట్టిగా నిలబడండి.

సూటిమాట (బొబ్బిలి)
ఇది నాకు నచ్చింది. చెల్లెమ్మా, ఇంకో షరతు చేర్చు. చూడ్డానికి వచ్చే మిగతా వీల్‌చెయిర్ల వాళ్ళకి మధ్యలో చోటు వదలాలి, ఆఖరి వరస పక్కన కాదు. ఇది దయ కాదు, దివ్యాంగుల హక్కుల 2016 చట్టం 29వ సెక్షన్‌లో సాంస్కృతిక జీవితంలో పాలుపంచుకునే హక్కు రాసే ఉంది.

రాజాంఅమ్మ (రాజాం)
అమ్మా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మా గుంటడు కూడా కుర్చీలోనే ఉంటాడు. నువ్వు డాన్స్ ఆడిన వీడియో ఊరంతా తిరిగితే, "ఈ పిల్ల బాగానే ఉన్నాది కదా" అని పెన్షన్ తీసీరు కదా? ఇప్పుడు మళ్ళీ మళ్ళీ పరీక్షలంటున్నారు. మా ఇంట్లో ఆ డబ్బుతోనే వాడి మందులు.

పారాఆటలు (విశాఖ)
అమ్మా, మీ భయం చాలా ఇళ్ళల్లో ఉన్నదే. 2024లో పెన్షన్ పెంచాక దివ్యాంగులకి నెలకి 6,000, మంచానికో వీల్‌చెయిర్‌కో పరిమితమైనవాళ్ళకి 15,000 అయింది, అందుకే తనిఖీల మాట వింటే గుండె ఆగుతుంది. కానీ సదరం సర్టిఫికెట్ డాక్టరు శరీరాన్ని పరీక్షించి ఇచ్చేది. వెన్నుపాము దెబ్బతిన్న మనిషి చేతులతో చక్రం తిప్పితే వెన్నుపాము బాగుపడినట్టు కాదు. పరీక్షకి పిలిస్తే వెళ్ళాలి, పాత రిపోర్టులన్నీ పట్టుకెళ్ళాలి, అంతే. నవ్వుతూ కనిపిస్తే కష్టం లేదనుకునే లోకం ఉంది. దానికి భయపడి పిల్లాణ్ణి గదిలో ఉంచకండి.

ఫిజియో (శ్రీకాకుళం)
నాకు ఇంకో భయం ఉంది. సాధనలో పడి ఎంతసేపు కూచున్నారో మరచిపోతారు. మీకు పిరుదుల దగ్గర స్పర్శ లేదు, పుండు పడినా తెలియదు. ప్రతి పాటకీ మధ్య రెండు చేతులూ ఆనించి ఒంటిని పైకి లేపండి, లేదా ముందుకి బాగా వంగండి. రాత్రి అద్దంతో చర్మం చూసుకోండి, ఎరుపు కనిపిస్తే మర్నాడు సాధన మానండి. దెబ్బ తగిలిన చోటు కింద చెమట సరిగా పట్టదు, కాబట్టి ఒళ్ళు త్వరగా వేడెక్కుతుంది. లైట్ల కింద ఇంకా ఎక్కువ, తడి తువ్వాలు దగ్గర ఉంచుకోండి. భుజాలు మీకు కాళ్ళు కూడా. అవి నొప్పెడితే ఇంట్లో మంచం దిగడం కూడా కష్టం. వాటిని అరగదియ్యకండి.

తప్పెటబృందం (శ్రీకాకుళం)
అమ్మాయ్, పాట ఏటి ఎంచుకున్నారో గానీ, మధ్య బిట్టు తప్పెటగుళ్ళ దరువు పెట్టండి. గుండెల మీద తప్పెట కట్టుకుని ఆడే ఆట మాది. వాయించేది చేతులే, ఊగేది ఛాతీ, భుజాలు. నీ ఒంట్లో పట్టున్నదీ అక్కడే. మా దరువు నీకు సరిగ్గా అతుకుతాది. మనది ఈ మట్టి ఆట, బయట నుంచి తెచ్చుకోనక్కర్లేదు. కావాలంటే మావోళ్ళు ఇద్దరొస్తారు, డబ్బులొద్దు, బస్సు చార్జీ ఇస్తే చాలు.

చక్రవాకం (విజయనగరం)
అందరికీ పేరుపేరునా దండాలు. మొదటి రిహార్సల్ అయింది, రాస్తున్నాను.

సైకిల్‌షాపు బాబాయ్ కుర్చీ చేసి పంపారు. పిడులు కోయించేశాను. ఆవిడ కారు దిగి లోపలికొచ్చి నమస్కారం పెట్టి, నేరుగా నా వెనక్కి వెళ్ళి చేతులు చాపారు. పట్టుకోవడానికి అక్కడేమీ లేదు. ఒక్క క్షణం అలాగే నిలబడి, చుట్టూ తిరిగి నా ముందుకొచ్చి "మరి నేను ఎక్కడ పట్టుకోవాలి?" అని అడిగారు. చెయ్యి చాపాను. అక్కడి నుంచి పని మొదలైంది.

నాకంటే ఆవిడకే కష్టమైంది. పాట ప్రాణం కాబట్టి ఆవిడ తాళం తప్పరు, కానీ నా కుర్చీ తాళం తర్వాత ఆగుతుంటే చెయ్యి లాగేసేవారు. అందెలు మేడం చెప్పినట్టు నేను ముందే రింగు పట్టడం మొదలుపెట్టాక ఆవిడే గమనించారు, "నువ్వు తాళం ముందు శ్వాస తీసుకుంటున్నావు, నేను పాటలో చేసేదీ అదే" అన్నారు. తర్వాత నా చెయ్యి చూడకుండా నా శ్వాస చూసి ఆడారు. తప్పెట దరువు వినగానే ఆవిడ బూట్లు విప్పబోతే వద్దని నేనే ఆపాను.

ఒక గొడవ కూడా అయింది. చివర్లో ఆవిడ నన్ను కుర్చీలోంచి రెండు చేతులా పైకి లేపాలని, అప్పుడు పైనుంచి పూలు పడాలని నిర్వాహకులు పట్టుబట్టారు. వద్దన్నాను. "జనం లేచి నిలబడతారమ్మా" అన్నారు. నేను జవాబు వెతుక్కునే లోపల ఆవిడే, "ఆమె కుర్చీలోనే ఆడింది కదండీ, చివర్లో దాన్ని వదిలేస్తే అప్పటిదాకా ఆడింది ఏమైనట్టు?" అన్నారు. ఆ మాట తర్వాత ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడు ఆఖరి భంగిమలో నేను వెనక చక్రాల మీద కుర్చీ ముందు భాగం లేపి నిలబెడతాను, ఆవిడ పక్కన నేల మీద మోకాలు వంచి కూచుంటారు. మా ఇద్దరి తలలూ ఒకే ఎత్తులో ఉంటాయి.

సూటిమాట (బొబ్బిలి)
ఆ గాయని మీద గౌరవం కలిగింది. తమ్ముణ్ణి తీసుకొస్తున్నాను. వాడు పాడతాడు, అడిగి చూడు.

చక్రవాకం (విజయనగరం)
అడిగాను అన్నా. నాటిక అయ్యాక ఒక పాట వాడిది. మైకు ముందే పెట్టి ఉంచుతారు.

టెంటుహౌసు (విజయనగరం)
ప్రోగ్రాం చూసినవాణ్ణి కాబట్టి రాస్తున్నా. బల్లలు మావే. ఒక అతుకు దగ్గర ముందు చక్రం ఆగింది, నాకు ప్రాణం పోయినంత పనైంది. ఆ అమ్మాయి ఒక్క ఊపుతో ముందు చక్రాలు లేపి దాటేసింది, జనం అదీ డాన్స్‌లో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఈసారి ఆ అతుకు మీద రేకు పట్టీ కొట్టిస్తాను. ముందు వరసలో ఆరు వీల్‌చెయిర్లు ఉన్నాయి. బొబ్బిలి అబ్బాయి పాటకి వన్స్‌మోర్ అన్నారు, రెండోసారి పాడనిచ్చారు కూడా.

రాజాంఅమ్మ (రాజాం)
వీడియో మా గుంటడికి చూపించాను. ఆపి, ఎనక్కి తిప్పి, ఆ చక్రాలు లేపిన చోటే మళ్ళీ మళ్ళీ చూస్తన్నాడు. వాడికి పధ్నాలుగేళ్ళు. నీ దగ్గర నేర్చుకోవచ్చా అని అడగమన్నాడు.

చక్రవాకం (విజయనగరం)
తప్పకుండా అమ్మా. ఆదివారం సాయంత్రాలు అందెలు మేడం వాళ్ళ హాల్లో సాధన చేస్తున్నాం, లోపలికి మెట్లు లేవు. ముందు బాబు కుర్చీ ఫొటోలు పెట్టండి, పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. పాదాలకి పట్టీ ఉందో లేదో చెప్పండి. చక్రాలు లేపడం మాత్రం నేను వచ్చేదాకా ఇంట్లో చెయ్యనివ్వకండి, వెనక బుల్లి చక్రాలు పెట్టించాకే. సైకిల్‌షాపు బాబాయ్, మీకు ఈ నెలలో వీలవుతుందా?

సైకిల్‌షాపు (శ్రీకాకుళం)
అవుద్ది. బుధవారం కుర్చీ తెమ్మను.